ఏ కంప్యూటర్‌లోనైనా ఆడే వీడియో తయారుచేయాలంటే: హ్యాండ్‌బ్రేక్ సమీక్ష

అమెరికా నుంచి కూతురు ఐఫోన్‌లో తీసి పంపిన వీడియోను ఇక్కడ విండోస్ ల్యాప్‌టాప్‌లో తెరిస్తే మాటలు వినిపిస్తాయి, తెర మాత్రం నల్లగా ఉంటుంది. స్టూడియోవాళ్లు పెన్‌డ్రైవ్‌లో ఇచ్చిన పెళ్లి వీడియో కంప్యూటర్‌లో బాగానే ఆడుతుంది, టీవీకి పెడితే ఈ ఫార్మాట్ రాదంటుంది. కాలేజీ ల్యాబ్‌లో లినక్స్ ఉన్న మిషన్ మీద పాఠం వీడియో తెరవబోతే ఏదో ప్లగిన్ లేదని చెబుతుంది. ఈ మూడు చోట్లా ఫైలు పాడవలేదు. ఫైల్లో వాడిన కోడెక్, అంటే వీడియోను కుదించి మళ్లీ విప్పే పద్ధతి, ఆ మిషన్‌కు తెలియదు, అంతే.

ఇలాంటప్పుడు చాలామంది ముందుగా చేసే పని వీఎల్‌సీ అనే ఉచిత ప్లేయర్ వేసుకోవడమో, కోడెక్ ప్యాక్ ఒకటి దింపుకోవడమో. వీఎల్‌సీ ఫైలును విప్పే డీకోడర్లను తానే వెంట తెచ్చుకుంటుంది కాబట్టి దాదాపు ఏ ఫైలునైనా ఆడిస్తుంది. కానీ దాంతో బాగుపడేది మీ మిషన్ ఒక్కటే. అదే వీడియోను పదిమందికి పంపితే పదిమంది ఇళ్లలోనూ అదే గొడవ మళ్లీ మొదలవుతుంది. పంచుకోవాల్సిన వీడియో అయితే మిషన్లను కాదు, ఫైలునే మార్చాలి. ఆ పనికి ఉచితంగా దొరికే ప్రోగ్రాముల్లో మేము ముందుగా చెప్పేది హ్యాండ్‌బ్రేక్ పేరే. అయితే దించుకుని స్టార్ట్ నొక్కేస్తే సరిపోదు. దాని సెట్టింగుల్లో కొన్నిటిని తప్పకుండా మార్చాలి, కొన్నిటి జోలికి అసలు పోకూడదు. ఈ సమీక్షలో ఎక్కువ భాగం వాటి గురించే.

హ్యాండ్‌బ్రేక్ 2003లో ఎరిక్ పెటి చేతుల్లో మొదలైంది. అప్పుడది బీఓఎస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ కోసం రాసిన చిన్న ప్రోగ్రాం. 1.0 వెర్షన్ వచ్చేసరికి 2016 డిసెంబర్ అయింది. ఇప్పుడు విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది. సోర్స్ కోడ్ జీపీఎల్ లైసెన్సు కింద అందరికీ అందుబాటులో ఉంటుంది. డబ్బు అడగదు, ప్రకటనలు చూపదు, తయారైన వీడియో మీద తన ముద్ర వేయదు. ‘ఫ్రీ వీడియో కన్వర్టర్’ అని వెతికితే వచ్చే ప్రోగ్రాముల్లో ఈ మూడు మాటలూ చెల్లేవి చాలా తక్కువ.

దించుకునే చోటు విషయంలో మాత్రం గట్టిగా ఉండండి. అసలు సైటు హ్యాండ్‌బ్రేక్ డాట్ ఎఫ్ఆర్ ఒక్కటే. పేరు కొంచెం అటూఇటూ మార్చిన నకిలీ సైట్లు బోలెడు ఉన్నాయి. 2017 మే నెలలో అసలు ప్రాజెక్టు డౌన్‌లోడ్ సర్వర్లలో ఒకదానిలోకే చొరబడి, మ్యాక్ ఫైలు స్థానంలో ప్రోటాన్ అనే మాల్వేర్ ఉన్న ఫైలును పెట్టారు. ప్రాజెక్టువాళ్లు దాన్ని బయటపెట్టి వాడుకరులను హెచ్చరించారు. సైటులో ప్రతి ఫైలుకూ చెక్‌సమ్, అంటే ఫైలు మారలేదని తేల్చే అంకెలు, అక్షరాల వరుస, ఇచ్చేది ఇందుకే. దించాక ఒకసారి సరిపోల్చుకోవడానికి నిమిషం కూడా పట్టదు. విండోస్‌లో ఇన్‌స్టాల్ చేశాక తెరుచుకోకపోతే సాధారణంగా లోపించేది మైక్రోసాఫ్ట్ డాట్‌నెట్ డెస్క్‌టాప్ రన్‌టైమ్. సైటు చెప్పిన వెర్షన్‌నే వేయాలి, ఉన్నదానికంటే పాతది పనికిరాదు. లినక్స్‌లో ఫ్లాట్‌హబ్ అనే యాప్ స్టోర్ నుంచి ఫ్లాట్‌ప్యాక్ వేసుకోవడం మేలు. దానికి కావలసిన లైబ్రరీలన్నీ దానితోనే వస్తాయి, కాబట్టి మీ డిస్ట్రిబ్యూషన్‌లో కోడెక్‌లు లేకపోయినా పని ఆగదు.

ముందు కోడెక్ సంగతి

ఎంపీ4 అనేది కోడెక్ కాదు. అది పైన ఉండే కవరు. లోపల బొమ్మకు ఒక కోడెక్, శబ్దానికి ఇంకో కోడెక్ ఉంటాయి. అందుకే ‘ఎంపీ4 పంపాను కదా, ఎందుకు ఆడదు’ అన్న ప్రశ్నకు ఫైలు పేరు చూసి జవాబు చెప్పలేం. వీఎల్‌సీలో ఫైలు తెరిచి కంట్రోల్, జె కలిపి నొక్కితే లోపల ఏముందో కనిపిస్తుంది. ఇంకా వివరంగా కావాలంటే మీడియాఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాం ఉంది. ప్రొఫైలు, లెవెలు (కోడెక్‌ను ఏ స్థాయిలో వాడారో చెప్పేవి), బిట్ డెప్త్ (రంగుల సూక్ష్మత), ఫ్రేమ్ రేటు (సెకనుకు ఎన్ని బొమ్మలు) అన్నీ చూపిస్తుంది. హ్యాండ్‌బ్రేక్ వాడే ముందు దీన్ని చూడటం అలవాటు చేసుకుంటే సగం సమయం మిగులుతుంది.

అన్ని చోట్లా ఆడాలంటే తీసుకోవాల్సింది హెచ్.264. 2003లో ప్రమాణంగా వచ్చిన కోడెక్ ఇది. ఇన్నేళ్లలో ఫోన్లు, టీవీలు, బ్రౌజర్లు, కారు స్క్రీన్లు, ప్రొజెక్టర్లు అన్నిటిలోనూ దీన్ని విప్పే చిప్పు చేరిపోయింది. పాతదని చిన్నచూపు చూడాల్సిన పనిలేదు. ఎదుటివాడి మిషన్ ఏదో మీకు తెలియనప్పుడు ఇదే సరైన ఎంపిక.

హెచ్‌ఈవీసీ, అంటే హెచ్.265, 2013లో వచ్చింది. అదే క్వాలిటీకి సైజు బాగా తగ్గుతుంది. అందుకే ఆపిల్ 2017లో ఐఓఎస్ 11తో దీన్ని ఐఫోన్ కెమెరాలోకి తెచ్చింది. నిమిషం 1080పి వీడియో, సెకనుకు 30 ఫ్రేముల దగ్గర, హెచ్‌ఈవీసీలో సుమారు 60 ఎంబీ పడుతుంది. హెచ్.264లో అయితే సుమారు 130. చిక్కంతా పేటెంట్ల దగ్గర ఉంది. వేర్వేరు పేటెంట్ గుంపులు వేర్వేరుగా రుసుం అడగడంతో దీన్ని అందరూ తమ సాఫ్ట్‌వేర్‌లో కలపలేదు. చాలా విండోస్ మిషన్లలో హెచ్‌ఈవీసీ వీడియో ఎక్స్‌టెన్షన్స్ అనేదాన్ని మైక్రోసాఫ్ట్ స్టోర్ నుంచి విడిగా తెచ్చుకోవాలి. క్రోమ్ 2022లో 107వ వెర్షన్‌తో దీన్ని ఆడించడం మొదలుపెట్టింది, అదీ మిషన్‌లో హార్డ్‌వేర్ డీకోడర్ ఉంటేనే. ఫెడోరా లినక్స్ అదే ఏడాది మీసా అనే తన గ్రాఫిక్స్ డ్రైవర్ ప్యాకేజీల నుంచి హెచ్.264, హెచ్.265 హార్డ్‌వేర్ డీకోడింగును తీసేసింది. ఫెడోరా వాడేవాళ్లు ఆర్‌పీఎం ఫ్యూజన్ అనే బయటి ప్యాకేజీల భాండారం నుంచి తెచ్చుకుంటారు. ఉబుంటులో ఇన్‌స్టాల్ చేసేటప్పుడు అదనపు మీడియా ఫార్మాట్ల డబ్బాలో టిక్ పెట్టకపోతే, తర్వాత ఉబుంటు రిస్ట్రిక్టెడ్ ఎక్స్‌ట్రాస్ ప్యాకేజీ వేసుకోవాలి.

ఇంకో చిన్న గుర్తు ఉంది, చాలామందిని గంటల తరబడి తిప్పలు పెడుతుంది. కమాండ్లతో నడిచే ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఉచిత ప్రోగ్రాంతో మామూలుగా హెచ్‌ఈవీసీ ఎంపీ4 తయారుచేస్తే లోపల హెచ్‌ఈవీ1 అనే ట్యాగ్ పడుతుంది. మ్యాక్‌లో క్విక్‌టైమ్‌కు హెచ్‌వీసీ1 అనే ట్యాగ్ కావాలి. బొమ్మ డేటా సరిగ్గా ఉన్నా ట్యాగ్ తేడా వల్ల ఫైలు తెరుచుకోదు. ట్యాగ్ మారిస్తే చాలు, మళ్లీ ఎన్‌కోడ్ చేయక్కర్లేదు, అంటే వీడియోను కొత్తగా కుదించక్కర్లేదు.

వీపీ9 గూగుల్ 2013లో ఇచ్చింది, రుసుం లేదు. యూట్యూబ్ నిండా ఉంది. కానీ సఫారీలోకి వచ్చింది 2020లోనే. మామూలు ఫైలుగా పంచుకోవడానికి హెచ్.264ను కాదని దీన్ని ఎంచుకోవాల్సిన కారణం కనిపించదు.

ఏవీ1 కథ వేరు. 2018లో విడుదలైంది, రుసుం లేనిది, సైజు విషయంలో హెచ్‌ఈవీసీకి దీటుగా నిలుస్తుంది, చాలాసార్లు దాన్ని మించుతుంది. హ్యాండ్‌బ్రేక్‌లో 1.6 వెర్షన్ నుంచి ఎస్‌వీటీ ఏవీ1 ఎన్‌కోడర్ ఉంది. భవిష్యత్తు దీనిదే అన్నది మా నమ్మకం. ఆ నమ్మకంతో ఇవాళ మేనమామకు ఏవీ1 ఫైలు పంపితే మాత్రం ఆయన చూడలేకపోవచ్చు. హార్డ్‌వేర్‌లో విప్పగలిగేవి ఇంటెల్ 11వ తరం ల్యాప్‌టాప్ ప్రాసెసర్ల నుంచి, ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 30 నుంచి, ఆపిల్‌లో అయితే ఐఫోన్ 15 ప్రో, ఎం3 చిప్పుల నుంచి. అంతకు ముందు మ్యాక్‌లలో సఫారీ ఏవీ1ను ఆడించదు. పాత ల్యాప్‌టాప్‌లో వీఎల్‌సీ విప్పుతుంది గానీ ప్రాసెసర్ మీద భారం పడి ఫ్యాన్ మోగుతుంది, బ్యాటరీ దిగిపోతుంది. మీ సొంత సర్వర్‌లో దాచుకునే వీడియోలకు, మీ చేతిలో ఉన్న మిషన్లలోనే చూసేవాటికి వాడండి, బాగుంటుంది.

సెట్టింగులు, ట్యాబ్ వారీగా

ఫైలును హ్యాండ్‌బ్రేక్ కిటికీలోకి లాగి వదిలితే స్కాన్ చేస్తుంది. పైన ప్రీసెట్లలో జనరల్ కింద ఫాస్ట్ 1080పి30 తీసుకోండి. ఇది హెచ్.264, ఏఏసీ (శబ్దం కోడెక్), ఎంపీ4 కలయిక. మొదలుపెట్టడానికి మంచి చోటు. ఇక్కడి నుంచి ఒక్కో ట్యాబూ చూసుకుంటూ పోవాలి.

సమ్మరీ ట్యాబ్‌లో ఫార్మాట్ ఎంపీ4గా ఉంచి, వెబ్ ఆప్టిమైజ్డ్ దగ్గర టిక్ పెట్టండి. ఎంపీ4లో ఏ ఫ్రేమ్ ఎక్కడుందో చెప్పే పట్టిక మామూలుగా ఫైలు చివర రాయబడుతుంది. ఈ టిక్ పెడితే అది ముందుకొస్తుంది. వెబ్‌సైటులో పెట్టిన వీడియో మొత్తం దిగేదాకా ఆగకుండా వెంటనే మొదలవడానికి కారణం ఇదే. ప్రిఫరెన్సెస్‌లో అవుట్‌పుట్ ఫైల్స్ దగ్గర ఎంపీ4 ఎక్స్‌టెన్షన్‌ను ఎప్పుడూ ఎంపీ4 అనే ఉంచమని చెప్పండి. ఆటోమేటిక్‌లో వదిలితే కొన్నిసార్లు ఎం4వీ అని సేవ్ చేస్తుంది. ఆ పేరు చూసి ఫైలును లిస్టులో చూపించని టీవీలు ఉన్నాయి.

డైమెన్షన్స్ ట్యాబ్‌లో చూడాల్సినవి రెండు. ఒకటి క్రాపింగ్. నల్ల అంచులను కోసేయడానికి ఇది ఆటోమేటిక్‌లో ఉంటుంది. చీకటి సీన్లు ఎక్కువున్న వీడియోలో నిజమైన బొమ్మనే అంచు అనుకుని కోసేసే ప్రమాదం ఉంది. పెళ్లి రాత్రి వీడియోలకు, స్టేజీ నాటకాలకు, కచేరీలకు క్రాపింగ్‌ను నన్‌లో పెట్టండి. రెండోది నిలువు వీడియో. ఫోన్‌ను నిలువుగా పట్టి తీసిన వీడియోకు ప్రీసెట్ 1920 × 1080 హద్దు వేసినప్పుడు చివరి కొలత చూసుకోండి. అది 608 × 1080 అని కనిపిస్తే ఎత్తును 1080కి కుదించేసిందన్నమాట. రెజల్యూషన్ లిమిట్‌ను నన్‌లో పెడితే 1080 × 1920 అలాగే నిలుస్తుంది. 4కె ఫైలు అయితే మాత్రం 1080పికి దించడమే మంచిది. 4కె హెచ్.264కు లెవెల్ 5.1 కావాలి, పాత డీకోడర్లు చాలావరకు 4.1 దగ్గరే ఆగుతాయి.

వీడియో ట్యాబ్‌లో ఎన్‌కోడర్ జాబితా చూసి కంగారు పడనక్కర్లేదు. కావలసింది హెచ్.264 ఎక్స్264. దాని పక్కనే హెచ్.264 10-బిట్ అని ఇంకొకటి ఉంటుంది. దాన్ని తాకవద్దు. 10-బిట్ అంటే ఎక్కువ రంగులు కదా అని ఎంచుకుంటే ఫైలు కంప్యూటర్‌లో వీఎల్‌సీలో ఆడుతుంది, టీవీలూ ఫోన్లూ చాలావరకు చేతులెత్తేస్తాయి, ఎందుకంటే హార్డ్‌వేర్ డీకోడర్లు హెచ్.264లో 8-బిట్‌కే కట్టినవి. ఇదే జాబితాలో మా దృష్టిలో అతి పెద్ద ఉచ్చు. ప్రొఫైల్ హై, లెవెల్ 4.0. పదిహేనేళ్ల కిందటి పరికరం కూడా ఆడించాలంటే ప్రొఫైల్‌ను మెయిన్ చేయండి. సెకనుకు 60 ఫ్రేములు అలాగే కావాలంటే లెవెల్ 4.2 అవసరం, దాంతోపాటు కొన్ని పాత టీవీలు జారిపోతాయి.

క్వాలిటీకి కాన్‌స్టంట్ క్వాలిటీ ఎంచుకోండి. అక్కడ క్వాలిటీని నిర్ణయించే ఆర్‌ఎఫ్ సంఖ్య ఎంత తక్కువైతే బొమ్మ అంత మెరుగు, ఫైలు అంత పెద్దది. 1080పికి 20 నుంచి 24 మధ్య, 720పికి 19 నుంచి 23, పాత డీవీడీ కొలతలకు 18 నుంచి 22 అన్నది హ్యాండ్‌బ్రేక్ సొంత సలహా, అది నమ్మదగిందే. సుమారుగా 6 అంకెలు తగ్గిస్తే సైజు రెట్టింపు అవుతుంది. ప్రీసెట్‌లో 22 ఉంటుంది. పట్టుచీర జరీ, పూలదండలు, వాన, నీళ్లు ఎక్కువున్న వీడియోకు 20కి దించితే తేడా కంటికి తెలుస్తుంది. 18 కంటే కిందికి పోతే ఫైలు పెరగడమే తప్ప చూసేవాళ్లకు ఏమీ తెలియదు. ఎన్‌కోడర్ వేగం ఫాస్ట్ నుంచి మీడియం లేదా స్లో చేస్తే అదే ఆర్‌ఎఫ్ దగ్గర బొమ్మ, సైజుల పొత్తు మెరుగుపడుతుంది. ప్లసీబో దాకా పోవద్దు. గంటలు పడుతుంది, దక్కేది శూన్యం.

గ్రాఫిక్స్ చిప్పుతో పనిచేసే ఎన్‌కోడర్లు ఇదే జాబితాలో ఉంటాయి: ఇంటెల్ క్యూఎస్‌వీ, ఎన్‌విడియా ఎన్‌వీఎన్‌సీ, ఏఎండీ వీసీఎన్, మ్యాక్‌లో వీడియోటూల్‌బాక్స్. వేగం చాలా ఎక్కువ. కానీ అదే సైజులో ఎక్స్264 ఇచ్చే బొమ్మను ఇవి ఇవ్వవు. పైగా ఆర్‌ఎఫ్ అంకెలను ఒకదాని నుంచి ఇంకోదానికి మోసుకెళ్లకూడదు. ఆపిల్ సిలికాన్ మ్యాక్‌లలో వీడియోటూల్‌బాక్స్ కొలత 0 నుంచి 100 వరకూ, అదీ తలకిందులుగా, అంటే ఎక్కువ అంకె ఉంటే మంచి క్వాలిటీ. ఎక్స్264 అలవాటుతో అక్కడ 22 పెడితే బొమ్మ గడులుగడులుగా చెడిపోతుంది.

ఇప్పుడు ఫ్రేమ్ రేటు. దీనికి కాస్త ఎక్కువ సమయం ఇవ్వండి. ఫోన్లు తీసే వీడియోలో ఫ్రేమ్ రేటు స్థిరంగా ఉండదు. వెలుతురు తగ్గితే ఫోన్ నెమ్మదిస్తుంది, 30 కాస్తా 24 అవుతుంది. ప్లేయర్లు దీన్ని సర్దుకుంటాయి. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు చాలాసార్లు సర్దుకోవు. అరగంట వీడియోలో చివరికి వచ్చేసరికి పెదవులు ఒకటి పలుకుతాయి, మాట ఇంకోటి వినిపిస్తుంది. ప్రీసెట్‌లో పీక్ ఫ్రేమ్‌రేట్ అని ఉన్నదాన్ని కాన్‌స్టంట్ ఫ్రేమ్‌రేట్‌గా మార్చండి. అంకె మాత్రం అసలు వీడియోదే ఉండాలి. ఇక్కడి డీవీడీలు, పాత కెమెరాల వీడియోలు పాల్ పద్ధతివి, సెకనుకు 25 ఫ్రేములు. వాటిని 30కి మారిస్తే కెమెరా పక్కకు తిరిగే ప్రతిసారీ బొమ్మ గంతులేస్తుంది. ఎడిటింగ్ కోసమే మార్చేటట్లయితే ప్రొడక్షన్ ప్రీసెట్లు చూడండి. స్థిరమైన ఫ్రేమ్ రేటు, దగ్గరదగ్గరగా కీఫ్రేములు (పక్క ఫ్రేముల మీద ఆధారపడని పూర్తి బొమ్మలు) ఉంటాయి కాబట్టి టైమ్‌లైన్‌లో ముందుకూ వెనక్కూ జరగడం తేలిక. సైజు బాగా పెరుగుతుందని ముందే తెలుసుకోండి. లినక్స్‌లో డావిన్చీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్ వాడేవాళ్లకు మాత్రం ఈ దారి పనికిరాదు, అది హెచ్.264నే తెరవదు. వాళ్లు ఎఫ్ఎఫ్ఎంపెగ్‌తో బొమ్మను డీఎన్‌ఎక్స్‌హెచ్‌ఆర్ అనే ఎడిటింగ్ కోడెక్‌కు, శబ్దాన్ని కుదించని పీసీఎంకు మార్చుకోవాలి.

ఆడియో ట్యాబ్‌ను చాలామంది చూడకుండానే దాటేస్తారు, తర్వాత ‘బొమ్మ వస్తోంది, సౌండ్ రావట్లేదు’ అంటారు. సినిమా ఫైళ్లలో ఉండే ఏసీ3, ఈఏసీ3, డీటీఎస్ అన్నవి లైసెన్సు చిక్కుల వల్ల అన్ని పరికరాల్లోకీ చేరని ఆడియో కోడెక్‌లు. ఫోన్‌లో ఎంఎక్స్ ప్లేయర్ ‘ఈఏసీ3 ఆడియో సపోర్ట్ లేదు’ అని చూపే సందేశం తెలియనివాళ్లు తక్కువే. శాంసంగ్ 2018 నుంచి తన టీవీల్లో డీటీఎస్‌ను తీసేసింది. కాబట్టి మొదటి ట్రాక్ ఏఏసీ, స్టీరియో మిక్స్‌డౌన్ (అన్ని ఛానెళ్లనూ రెండుగా కలపడం), 160 కేబీపీఎస్ ఉండాలి. ఇంట్లో హోమ్ థియేటర్ ఉంటే రెండో ట్రాక్‌గా ఏసీ3 పాస్‌త్రూ, అంటే అసలు శబ్దాన్ని ఉన్నదున్నట్టుగా, కలపండి. వరుస ముఖ్యం, ఎందుకంటే చాలా పరికరాలు మొదటి ట్రాక్‌నే ఆడిస్తాయి. ఓపస్ మంచి కోడెక్, కానీ ఎంపీ4లో పెడితే పాత ప్లేయర్లు గుర్తించవు.

తెలుగు సబ్‌టైటిళ్లు, పాత డీవీడీలు, హెచ్‌డీఆర్

సబ్‌టైటిల్స్ ట్యాబ్‌లో ఎస్‌ఆర్‌టీ ఫైలు చేర్చేటప్పుడు క్యారెక్టర్ కోడ్ యూటీఎఫ్-8గా పెట్టాలి, లేకపోతే తెలుగు అంతా గీతలు, ప్రశ్నార్థకాలు అవుతుంది. ఫైలు సరిగ్గానే ఉన్నా చాలా టీవీలు తెలుగు అక్షరాలను సరిగ్గా చూపవు. ఒత్తులు విడిపోయి పక్కన నిలబడతాయి, లేదా ఖాళీ డబ్బాలు వస్తాయి. టీవీ కోసం అయితే బర్న్ ఇన్ టిక్ పెట్టి అక్షరాలను బొమ్మలోనే కలిపేయడం నమ్మకమైన మార్గం. దానికి ఎన్‌కోడ్ చేసే కంప్యూటర్‌లో తెలుగు ఫాంటు ఉండాలి. విండోస్‌లో నిర్మలా యూఐ ఉంటుంది, లినక్స్‌లో నోటో సాన్స్ తెలుగు వేసుకోవచ్చు. ‘క్ష్మి’, ‘స్త్రీ’ లాంటి అక్షరాలున్న వాక్యం దగ్గర లైవ్ ప్రివ్యూ పది సెకన్లు తీసి చూడండి, అవి సరిగ్గా కూడితే మిగతావన్నీ కూడతాయి. బర్న్ చేసిన అక్షరాలను మళ్లీ తీయలేమన్నది గుర్తుంచుకోవాలి. బ్లూరే నుంచి వచ్చే పీజీఎస్ (బొమ్మల రూపంలో ఉండే) సబ్‌టైటిళ్లు ఎంపీ4లో నిలవవు, వాటిని బర్న్ అయినా చేయాలి, లేదా ఎంపీ4 లాంటి మరో కవరు ఎంకేవీ అయినా వాడాలి.

పాత పెళ్లి డీవీడీలను కాపాడుకోవడానికి ఇంతకంటే మంచి ఉచిత ప్రోగ్రాం మాకు తెలియదు. డీవీడీ లోపల ఉండేది ఎంపెగ్-2, 720 × 576, ఇంటర్‌లేస్డ్, అంటే ఒక్కో బొమ్మనూ సరి, బేసి గీతలుగా రెండుసార్లు తీసింది. కంప్యూటర్‌లో చూస్తే కదిలే చేతుల అంచుల్లో దువ్వెన పళ్లలా గీతలు కనిపించేది అందుకే. ఫిల్టర్స్ ట్యాబ్‌లో ఇంటర్‌లేస్ డిటెక్షన్, డీకాంబ్ రెండూ డిఫాల్ట్‌లో ఉంచితే ఆ గీతలు పోతాయి. కదలిక అసలు డీవీడీ ప్లేయర్‌లో చూసినంత నున్నగా కావాలంటే డీకాంబ్‌లో బాబ్ ఎంచుకుని ఫ్రేమ్ రేటు 50 చేయండి. ఇంకో సంగతి: ఆ 720 × 576 బొమ్మ నిజానికి 4:3 ఆకారంలో చూడాల్సింది, అంటే 768 × 576. ఈ సర్దుబాటు సమాచారాన్ని అనమార్ఫిక్ పద్ధతి ఫైల్లో రాసి పెడుతుంది, కానీ దాన్ని పట్టించుకోని ప్లేయర్లలో మనుషులు సన్నగా సాగినట్టు కనిపిస్తారు. అనమార్ఫిక్‌ను నన్‌లో పెట్టి 768 × 576గా తీస్తే ఎక్కడైనా ఒకేలా ఉంటుంది. మార్కెట్లో కొన్న సినిమా డీవీడీల తాళాన్ని హ్యాండ్‌బ్రేక్ తీయదు, తీయమని అడగడమూ తగదు.

కొత్త ఐఫోన్లు హెచ్‌డీఆర్‌లో (వెలుగునీడల పరిధి ఎక్కువున్న పద్ధతి) 10-బిట్‌లో తీస్తాయి. దాన్ని 8-బిట్ హెచ్.264కు మార్చినప్పుడు రంగులు వెలిసిపోయినట్టు, ముఖాలు పాలిపోయినట్టు వస్తే తప్పు ఆర్‌ఎఫ్‌ది కాదు, రంగుల పరిధి మార్పుది. ఫిల్టర్స్‌లో కలర్‌స్పేస్‌ను బీటీ.709 (మామూలు హెచ్‌డీ రంగుల ప్రమాణం) చేసి ప్రివ్యూ చూడండి. అయినా ఆకాశం తెల్లగా తేలిపోతుంటే అక్కడ పోరాడటం దండగ. పంచుకోవడానికే తీసే వీడియో అయితే ఫోన్ సెట్టింగ్స్‌లో కెమెరా, రికార్డ్ వీడియోలోకి వెళ్లి హెచ్‌డీఆర్ ఆపేయండి. అలాగే ఫార్మాట్స్‌లో మోస్ట్ కంపాటిబుల్ పెడితే హెచ్.264లోనే తీస్తుంది, మార్చే అవసరమే తప్పుతుంది. 4కెలో సెకనుకు 60 ఫ్రేములు మాత్రం హెచ్‌ఈవీసీలోనే తీయగలదు.

ఎక్కడ పనికిరాదు

హ్యాండ్‌బ్రేక్‌లో మాకు నచ్చని పెద్ద లోపం ఒకటే. వీడియోను ఉన్నదున్నట్టుగా ఒక కవరు నుంచి ఇంకో కవరుకు మార్చలేదు. ఎంకేవీ లోపల ఉన్నది ఇప్పటికే హెచ్.264 అయితే మళ్లీ ఎన్‌కోడ్ చేయాల్సిన అవసరమే లేదు, కవరు మారిస్తే ఒక్క నిమిషంలో పని అయిపోతుంది, క్వాలిటీ చుక్క కూడా పోదు. కానీ హ్యాండ్‌బ్రేక్‌లో ఆడియోకు పాస్‌త్రూ ఉంది గానీ వీడియోకు లేదు. రెండు గంటల సినిమాను గంటసేపు నమిలి, కొంచెం చెడగొట్టి ఇస్తుంది. అలాంటప్పుడు మళ్లీ ఎన్‌కోడ్ చేయకుండా కవరు మార్చే లాస్‌లెస్‌కట్ అనే ప్రోగ్రాం వాడండి. అందుకే ముందు మీడియాఇన్ఫో చూడమన్నది. వీడియో ఏవీసీ (హెచ్.264కే ఇంకో పేరు) 8-బిట్, ఆడియో ఏఏసీ అని కనిపిస్తే హ్యాండ్‌బ్రేక్ తెరవనే వద్దు. ఆడియో మాత్రమే ఈఏసీ3 అయితే ఎఫ్ఎఫ్ఎంపెగ్‌తో వీడియోను కాపీ చేసి ఆడియోను మాత్రం మార్చవచ్చు.

సైజు ముందే చెప్పలేకపోవడం ఇంకో ఇబ్బంది. ఆర్‌ఎఫ్ పద్ధతిలో చివరి సైజు బొమ్మను బట్టి ఉంటుంది. ఫ్యాట్32లో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో 4 జీబీని మించిన ఫైలు ఎక్కదు, పాత టీవీలేమో ఎక్స్‌ఫ్యాట్‌ను చదవవు. అప్పుడు యావరేజ్ బిట్‌రేట్ ఎంచుకుని, మల్టీ పాస్ (వీడియోను ఒకటికి మించిసార్లు చదివి లెక్కకట్టే పద్ధతి) టిక్ పెట్టాలి. లెక్క తేలికే: సెకనుకు 8 మెగాబిట్లు అంటే గంటకు 3.6 జీబీ. మూడు గంటల వీడియో 4 జీబీలో పట్టాలంటే బొమ్మకూ శబ్దానికీ కలిపి 3 మెగాబిట్ల లోపే ఉండాలి. 1080పికి అది ఇరుకు. 720పికి దించడమో, వీడియోను ముహూర్తం, రిసెప్షన్ అని రెండు ఫైళ్లుగా విడగొట్టడమో మేలు. వాట్సాప్‌లో వీడియోగా పంపితే అది మళ్లీ కుదిస్తుంది. డాక్యుమెంటుగా జతచేస్తే 2 జీబీ దాకా మీరు తయారుచేసిన ఫైలే యథాతథంగా వెళ్తుంది. యూట్యూబ్‌కు కూడా ఇవే సెట్టింగులు చెల్లుతాయి: ఎంపీ4, హెచ్.264 హై ప్రొఫైల్, ఏఏసీ. అయితే అక్కడ మళ్లీ ఎన్‌కోడ్ చేస్తారు కాబట్టి ఆర్‌ఎఫ్‌ను 18కి దించి పంపండి.

మార్చిన ఫైలును వీఎల్‌సీలో పరీక్షించవద్దు, అది అన్నిటినీ ఆడిస్తుంది కాబట్టి ఏమీ తేలదు. విండోస్‌లో దానితోపాటే వచ్చే మీడియా ప్లేయర్, మ్యాక్‌లో క్విక్‌టైమ్, లినక్స్‌లో ఫైర్‌ఫాక్స్ ట్యాబ్‌లోకి ఫైలును లాగడం, ఈ మూడూ గట్టెక్కితే దాదాపు అన్నీ గట్టెక్కినట్టే. చివరి రెండు నిమిషాలకు జరిపి పెదవులు, మాట కలుస్తున్నాయో లేదో చూడండి. విండోస్‌లో మీడియా ప్లేయర్, కోడెక్‌లు లేకుండా వచ్చే ఎన్ ఎడిషన్ ఉన్నవాళ్లు హెచ్.264 కూడా ఆడట్లేదంటే అది మీ ఫైలు తప్పు కాదు, వాళ్లు మీడియా ఫీచర్ ప్యాక్ వేసుకోవాలి.

సెట్టింగులన్నీ కుదిరాక వాటిని కొత్త ప్రీసెట్‌గా సేవ్ చేసి, డిఫాల్ట్‌గా పెట్టుకోండి. తర్వాత ఫోల్డరు మొత్తాన్ని తెరిచి యాడ్ ఆల్ టు క్యూ నొక్కితే రాత్రంతా అదే చేసుకుపోతుంది. ఫోన్ నుంచి వచ్చిన అసలు ఫైళ్లను మాత్రం తుడిచేయకండి. ఎన్‌కోడ్ చేసిన ప్రతిసారీ కొంత సమాచారం పోతుంది, రేపు ఏవీ1 అన్ని ఇళ్లకూ చేరినప్పుడు మార్చుకోవాల్సింది ఈ హెచ్.264 కాపీ నుంచి కాదు, ఆ అసలు నుంచే.